పన్నెండుసార్ల మలబద్ధకం

నెవెనా మా బుర్గాస్ రేవులో క్రేన్ నడుపుతుంది. పడమటి గట్టు మీద ఏడో నంబరు క్రేన్ తనది. నేను కింద నిలబడి, చేతిసైగలతోనూ వాకీటాకీతోనూ తనకి దారి చెప్పే మనిషిని. నా పేరు స్టాంకా. పద్దెనిమిదేళ్ళుగా మా ఇద్దరిదీ ఒకే షిఫ్టు.

ఆ క్రేన్ ఎక్కడానికి నూట నాలుగు మెట్లు. పైన ఒక కుర్చీ, రెండు పిడులు, చలికాలంలో పనిచేయని హీటరు, ఎండాకాలంలో పనిచేయని ఫ్యాను. మరుగుదొడ్డి లేదు. మగవాళ్ళు సీసాతో సరిపెట్టుకుంటారు. ఆడవాళ్ళు పొద్దున కాఫీ మానేసి సరిపెట్టుకుంటారు. రేవులో ఇది అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు.

ఆరేళ్ళ క్రితం నెవెనాకి పెద్దపేగు చివర పుండ్లు పడ్డాయి. పేగు లోపలి పొర వాచి, రక్తం కారే జబ్బు. ఇది పూర్తిగా పోయేది కాదని, అణిగి ఉంటుందని, ఎప్పుడైనా మళ్ళీ లేవవచ్చని డాక్టర్లు అప్పుడే చెప్పారు. ఆ ఏడాది నిజంగా విరేచనాలే. రేవుకి వచ్చే బస్సులోంచి మధ్యలో దిగిపోయి, ఎవరిదో బేకరీలోకి దూరి, వాళ్ళ బాత్రూమ్ వాడుకుని, సిగ్గుకొద్దీ అక్కర్లేని జున్ను పొరల బానిత్సాలు నాలుగు కొనుక్కొచ్చేది. వాటిని నేను తినేదాన్ని. తర్వాత కింద నుంచి పెట్టుకునే మందుతో జబ్బు అణిగింది. ఏడాది, రెండేళ్ళు, మూడేళ్ళు హాయిగా గడిచాయి. బాగానే ఉన్నాను కదా అని తను మందు తగ్గించింది, ఆ తర్వాత మానేసింది. కానీ ఒక్క పాఠం మాత్రం గట్టిగా పట్టుకుంది. ఈ జబ్బంటే పరుగు. పరుగు మొదలైతే విరేచనాలు ఆపే బిళ్ళ వేసుకోవాలి. ఆ బిళ్ళల అట్ట ఒకటి ఎప్పుడూ సంచిలో ఉండేది.

మొన్న మార్చిలో పరుగు మళ్ళీ మొదలైంది.

"స్టాంకా, దిగుతున్నా," అనేది వాకీటాకీలో.

"ఇప్పుడేగా ఎక్కావు!"

"కళ్ళజోడు మర్చిపోయానే."

వాకీటాకీలో అన్న మాట గట్టంతా వినబడుతుంది. నాలుగోసారి కళ్ళజోడు మర్చిపోయేసరికి ఎనిమిదో క్రేన్ నడిపే పంకో ఊరుకోలేకపోయాడు. "అక్కా, నీకు మొత్తం ఎన్ని కళ్ళజోళ్ళు? ఒకటి నాకిద్దూ!"

నెవెనా క్యాంటీన్ పక్కనున్న బాత్రూమ్‌కి పోయి, పది నిమిషాల తర్వాత పాలిపోయిన మొహంతో వచ్చింది.

"ఏమైందే?" అన్నాను.

"ఏమీ కాలేదు."

నేనది మాటవరసకి అందనుకున్నాను. నిజంగానే ఏమీ కావడంలేదని నాకెలా తెలుస్తుంది? ఉన్నపళంగా వస్తున్నట్టు అనిపిస్తుంది, ప్రాణాలు చేతపట్టుకుని నూట నాలుగు మెట్లు దిగుతుంది, కూర్చుంటే కాస్త బంక, ఒక్కోసారి ఎర్రటి చార. అంతే. లేచి చేతులు కడుక్కుంటుంటే మళ్ళీ వస్తున్నట్టే ఉంటుంది. రోజుకి పదిసార్లు, పన్నెండుసార్లు. ఇదంతా నాకు తర్వాత చెప్పింది.

తన వైద్యం తనే చేసుకుంది. పొద్దున ఒక బిళ్ళ, మధ్యాహ్నం ఒక బిళ్ళ. తిండి ఉడికించిన అన్నం, ఎండు రొట్టె. నీళ్ళు తాగితే దిగాల్సి వస్తుందని నీళ్ళు కూడా తగ్గించింది. ఏప్రిల్ వచ్చేసరికి పని ప్యాంటు బొత్తాం పట్టడం మానేసింది. అంత తక్కువ తినే మనిషికి పొట్ట ఎందుకు పెరుగుతోందో నాకు అంతుబట్టలేదు. తనకీ అంతుబట్టలేదు.

వాళ్ళ అత్తగారికి మాత్రం వెంటనే అర్థమైపోయింది.

ఆ అత్తగారు కేరా మామ్మ, నెవెనా వాళ్ళ భవనంలోనే కింది వాటాలో ఉంటుంది. ప్రతి ఆదివారం కొడుకింట్లో భోజనం. ఆ ఆదివారం నెవెనా చారు ముందు కూర్చుని, చెంచా ముంచి, వాసనకి మొహం తిప్పుకుని, లేచి బాత్రూమ్‌లోకి పోయింది. తిరిగొచ్చి కూర్చోగానే ముసలావిడ అడిగింది.

"ఎన్నో నెల?"

"ఏం నెల అత్తయ్యా?"

"నలుగుర్ని కన్నదాన్ని, నా దగ్గరా నీ దాపరికం? నాకు చెప్పకపోతే మానె, వాడికైనా చెప్పు."

ల్యూబెన్ చేతిలో రొట్టెముక్క అలాగే ఉండిపోయింది. నెవెనా మొగుడు. ఊళ్ళో ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు, నెమ్మదస్తుడు. "ఏంటమ్మా నువ్వనేది?"

"తిండి సయించట్లేదు. వాంతి వస్తున్నట్టుంటోంది. గంటకోసారి బాత్రూమ్. పొట్ట కనబడుతోంది. ఇంకేం చెప్పాలిరా నీకు?"

"నాకు నలభయ్యారేళ్ళు అత్తయ్యా!"

"మా మేనత్త నలభయ్యెనిమిదిలో కన్నది."

"ఇది నా పాత జబ్బండీ. పేగు జబ్బు."

"పేగు జబ్బైతే చిక్కిపోవాలి. నువ్వు ఊరుతున్నావు."

అది నిజమే కదా. పోయినసారి జబ్బు చేసినప్పుడు ఎనిమిది కిలోలు తగ్గింది. ఇప్పుడు చేతులూ మొహమూ చిక్కాయి, పొట్ట మాత్రం డోలులా ఉంది. ఆ రాత్రి తనకే అనుమానం వచ్చిందట. మర్నాడు ల్యూబెన్ తమకి తెలిసినవాళ్ళెవరూ లేని పేటకి వెళ్ళి, మందుల షాపులో పరీక్ష పట్టీ ఒకటి కొనుక్కొచ్చాడు. ఒకటే గీత పడింది. గర్భం కాదు.

"ఆ పట్టీ పట్టుకుని కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడే," అంది నెవెనా నాతో. "సంతోషమా అనడిగాను. తెలీదు అన్నాడు. బాధా అనడిగాను. అదీ తెలీదన్నాడు." నవ్వుతూనే చెప్పింది. మధ్యలో కళ్ళు తుడుచుకుంది. ఎందుకు ఏడుస్తున్నావని నేనడగలేదు, అడిగినా తనకి తెలిసేది కాదు.

పిల్ల కాదని తేలాక కేరా మామ్మ మాట మార్చింది. "అయితే పేగు కట్టుకుపోయింది," అని తీర్మానించేసింది. నానబెట్టిన ఎండు ప్లమ్ పళ్ళు ఒక గిన్నెడు, పెరుగులో కలిపిన గోధుమ పొట్టు ఒక గిన్నెడు పట్టుకుని పైకొచ్చింది.

"పన్నెండుసార్లు పరిగెడుతుంటే పేగు కట్టుకుపోవడమేంటి అత్తయ్యా? దానికి మళ్ళీ ఈ ప్లమ్ పళ్ళొకటా!"

"పరిగెడితే ఏం? ఏమైనా వస్తోందా?"

నెవెనాకి కోపమొచ్చింది. కోడలి బాత్రూమ్ సంగతులు అత్తకెందుకు? గిన్నెలు అక్కడ పెట్టేసి వెళ్ళమంది. కానీ ఆవిడ వెళ్ళాక ఆ ప్రశ్న మిగిలిపోయింది. ఏమైనా వస్తోందా? రావట్లేదు. మరి ఇన్నిసార్లు ఎందుకు వెళ్తున్నట్టు? ఏమో, ముసలావిడ మాటలో నిజముందేమోనని నాలుగు రోజులు గోధుమ పొట్టు తిన్నది. ఏమో, జబ్బే ముదురుతోందేమోనని ఆపే బిళ్ళలూ వేసుకుంది. ఒక చేత్తో తలుపు తోస్తూ ఇంకో చేత్తో గడియ పెట్టినట్టైంది. పైగా నీళ్ళు తాగట్లేదు. ఆ పొట్టు లోపల తడిలేక గడ్డకట్టుకుపోయి ఉంటుందని ఇప్పుడనిపిస్తుంది.

ఐదో రోజు మంగళవారం. ఓడలోంచి ఇనుపరేకు చుట్టలు దించుతున్నాం. ఒక్కో చుట్ట తొమ్మిది టన్నులు. పొద్దున పదిన్నరకి ఒక చుట్ట ఓడ అంచు దాటి గట్టు మీదికొచ్చి గాల్లో ఆగిపోయింది. నేను దించమని సైగ చేశాను. కదల్లేదు.

"నెవెనా?"

వాకీటాకీ బొత్తాం మళ్ళీ నొక్కాను.

"నెవెనా, వినబడుతోందా?"

"అందర్నీ దూరంగా పంపు," అంది. గొంతు సన్నగా, ఎవరిదో గొంతులా ఉంది.

నేను మనుషుల్ని వెనక్కి తోలాను. ఆ తొమ్మిది టన్నులు అంగుళం అంగుళం కిందికొచ్చి, చప్పుడు లేకుండా చెక్కదిమ్మల మీద కూర్చున్నాయి. తర్వాత తను మెట్లు దిగడం మొదలెట్టింది. పది మెట్లు దిగడం, రెయిలింగ్ పట్టుకుని ముడుచుకుని కూర్చోవడం, మళ్ళీ పది. కింద నేల మీద కాలు పెట్టగానే భళ్ళున వాంతి చేసుకుంది.

మా మేస్త్రీ గ్రోజ్దాన్ పరుగెత్తుకొచ్చాడు. "ఏంటమ్మా, రాత్రి గానీ ఎక్కువైందా?"

"చుక్క ముట్టుకోలేదు మేస్త్రీ," అన్నాను నేను. "ఆస్పత్రికి తీసుకెళ్తున్నా. నా బదులు ఎవర్నైనా నిలబెట్టుకో."

ఆస్పత్రిలో పేగుల డాక్టరు తోంచెవా అని, మా వయసావిడే. చెవి మీద పెన్సిల్ పెట్టుకుని తిరుగుతుంది. నెవెనా పొట్ట మీద నాలుగుచోట్ల నొక్కి చూసింది. జ్వరముందా, రక్తం ఎంత పడుతోంది, గాలైనా పోతోందా అని అడిగింది. రక్తపరీక్షలూ ఎక్స్‌రే చేయించింది. రెండు గంటల తర్వాత ఎక్స్‌రే పట్టుకుని మా దగ్గరికొచ్చి కూర్చుంది.

"నెవెనా గారూ, మీకు మలబద్ధకం."

నెవెనా వెనక్కి తిరిగి చూసింది. ఇంకెవరితోనో అంటోందనుకుంది.

"ఎవరికండీ?"

"మీకే."

"డాక్టరు గారూ, నేను రోజుకి పన్నెండుసార్లు వెళ్తున్నాను."

"వెళ్తున్నారు. అక్కడ ఏం వస్తోంది?"

అచ్చం అత్తగారి ప్రశ్నే. నెవెనా నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

"బంక," అంది చివరికి. "కాస్త రక్తం."

డాక్టరు చెవి మీది పెన్సిల్ తీసి కాగితం మీద పేగు బొమ్మ వేసింది. "జబ్బు పేగంతా లేదు. ఇదిగో, చివరి జానెడే వాచింది. వాచిన చోట ఏమీ లేకపోయినా నిండిపోయిందని కబురు పంపుతూ ఉంటుంది. మీరు పరిగెడతారు. అక్కడుండేది బంకే కాబట్టి బంకే వస్తుంది. దానిపైన, ఇక్కడ, పేగు మందగించింది. అసలు సరుకంతా అక్కడ ఆగిపోయి, ఎండిపోయి ఉంది. ఈ జబ్బున్న వాళ్ళలో కొందరికి ఇలా అవుతుంది." ఎక్స్‌రే వెలుగుకెత్తి చూపించింది. "మబ్బుమబ్బుగా ఉన్నదంతా అదే."

నెవెనా ఆ మబ్బుల్ని చాలాసేపు చూసింది. "ఇదంతా దించాలా?" అంది.

"నెమ్మదిగా. ఇంతకీ ఏమైనా మందులు వాడుతున్నారా?"

"ఆపే బిళ్ళలు."

పెన్సిల్ ఆగింది. "ఎవరిచ్చారు?"

"నేనే తెచ్చుకున్నా. రోజుకి రెండు. మార్చి నుంచి."

డాక్టరు కేకలేయలేదు. వేసినా బాగుండేది అని తర్వాత నెవెనా అంది. "పుండ్లు లేచినప్పుడు ఆ బిళ్ళలు మీ అంతట మీరు వేసుకోకూడదు. పేగు ప్రమాదంగా ఉబ్బిపోవచ్చు. అలా అయిందేమోననే ముందు ఎక్స్‌రే తీయించాను. కాలేదు. ఇవాళ్టితో ఆ బిళ్ళలు బంద్."

తర్వాత చేయాల్సినవి చెప్పింది. వాపుకి రాత్రిపూట కింద నుంచి పెట్టుకునే మందు, పాతదే, మళ్ళీ మొదలు. పగలు నీళ్ళలో కలుపుకుని తాగే పొడి, మలంలో నీరు నిలిచి మెత్తబడటానికి. నీళ్ళు బాగా తాగాలి. గోధుమ పొట్టు ప్రస్తుతానికి వద్దు. పొద్దున ఏదైనా తిన్నాక పీట మీద కాళ్ళు పెట్టుకుని పది నిమిషాలు కూర్చోవాలి, ముక్కకూడదు. వాంతులైనా, జ్వరమొచ్చినా, పొట్ట గట్టిపడినా, రక్తం ఎక్కువైనా ఫోన్ కాదు, నేరుగా రావాలి.

"ఆ పొడి... విరేచనాల మందేగా?" అంది నెవెనా.

"ఒక రకంగా."

"విరేచనాల జబ్బుకి విరేచనాల మందా?"

"మీ జబ్బు విరేచనాల జబ్బు కాదు. వాపు జబ్బు."

"అయితే మా అత్తగారు చెప్పిందే నిజమా?"

"ఏం చెప్పారావిడ?"

"పేగు కట్టుకుపోయిందని. ప్లమ్ పళ్ళు, గోధుమ పొట్టు తినమని."

"సగం నిజం," అంది డాక్టరు, నవ్వాపుకుంటూ. "ఆ సగం చెప్పండి చాలు."

కారులో ఇంటికి తీసుకెళ్తుంటే ఉప్పుమడుల దగ్గర నెవెనా ఉన్నట్టుండి, "స్టాంకా, ఇంతకీ నేను వెళ్తున్నట్టా, వెళ్ళనట్టా?" అంది. నేను ఆలోచించాను. డాక్టరు చెబుతున్నప్పుడు అంతా అర్థమైనట్టే ఉంది. ఇప్పుడు చూస్తే ఏమీ మిగల్లేదు.

ఇంట్లో ముందుగా అర్థం చేసుకున్నది ల్యూబెనే. బొమ్మ వేసిన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఓహో," అన్నాడు. "ఫ్రిజ్‌లో ఒక్కోసారి ఇలాగే అవుతుంది. లోపల గొట్టం గడ్డకట్టి మూసుకుపోతుంది. కింద తలుపు దగ్గర మాత్రం తడి. ఇంటివాళ్ళు ఆ తడి చూసి నీళ్ళు కారిపోతున్నాయి, ఆపు బాబూ అంటారు."

"నన్ను ఫ్రిజ్‌తో పోలుస్తావా?" అంది నెవెనా. కానీ ఆ మాట పట్టుకునే నాలుగు రోజులు గడిపానని తర్వాత ఒప్పుకుంది.

ఆ నాలుగు రోజులూ అంత తేలిగ్గా ఏం జరగలేదు. మొదటి రోజు పొడి తాగింది, ఏమీ లేదు. రెండో రోజూ ఏమీ లేదు, గుడగుడ తప్ప. మూడో రోజు పొద్దున మొదలై సాయంత్రం దాకా సాగింది. మధ్యాహ్నం నాకు ఫోన్ చేసింది, ఏడుపుగొంతుతో.

"వచ్చేసిందే! జబ్బు మళ్ళీ వచ్చేసింది. నీళ్ళలా పోతోంది. డ్రాయర్లో ఇంకో అట్ట ఉంది. ఒక్క బిళ్ళ వేసుకోనా?"

"వేసుకోకు! ఆస్పత్రికి ఫోన్ చెయ్యి."

ఫోనెత్తిన నర్సు, "రక్తం పెరిగిందా? జ్వరముందా? పొట్ట నొప్పి?" అనడిగింది. మూడింటికీ లేదని చెప్పింది నెవెనా. "మరింకేం, అదే కదమ్మా మాక్కావాల్సింది. నీళ్ళు తాగండి, రేపట్నుంచి పొడి సగం చెయ్యండి, ఆ బిళ్ళల జోలికి మాత్రం పోకండి," అంది. ఆరేళ్ళుగా దేన్ని చూసి భయపడిందో, అదే కావాల్సిందట! ల్యూబెన్ డ్రాయర్లోంచి ఆ అట్ట తీసి తన పనిముట్ల పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

సగం పొడికి రెండు రోజులు ఏమీ కాలేదు. ముప్పావుకి పెంచారు. ఒకరోజు బాగుంది, మర్నాడు ఎక్కువైంది, ఆ మర్నాడు లేదు. పరుగు మాత్రం తగ్గుతూ వచ్చింది. పన్నెండు తొమ్మిదైంది, ఆరైంది. ఎందుకు తగ్గిందో, పొడికా రాత్రి మందుకా, తను తేల్చుకోలేకపోయేది. రెండూ వాడాల్సిందే అంది డాక్టరు. కేరా మామ్మ మాత్రం తన ప్లమ్ పళ్ళకే అంది. రోజుకి రెండు పళ్ళు తినొచ్చని డాక్టరు ఒప్పుకున్నప్పట్నుంచీ మెట్ల మీద కనబడిన ప్రతివాళ్ళకీ ఆ సంగతి చెప్పుకుంది.

మూడు వారాల సెలవు తర్వాత పనిలో చేరడానికి మేస్త్రీ దగ్గరికెళ్తే, తోడుకి నన్నూ రమ్మంది. గ్రోజ్దాన్ కళ్ళద్దాలు పెట్టుకుని ఫారం తీశాడు.

"జబ్బేంటమ్మా? విరేచనాలా?"

"మలబద్ధకం," అంది నెవెనా.

"ఊళ్ళో అందరూ విరేచనాలన్నారే. ఆ కళ్ళజోళ్ళ గొడవంతా అదేగా?"

నెవెనా నెత్తుటి దగ్గర్నుంచి పొడి దాకా మొత్తం చెప్పింది. పద్దెనిమిదేళ్ళలో అతనితో అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడి ఉండదు. సిగ్గుపడుతూ మొదలెట్టి, సగానికొచ్చేసరికి సిగ్గు సంగతి మర్చిపోయింది. డాక్టరు వేసిన బొమ్మ కూడా తనే మళ్ళీ వేసి చూపించింది. మేస్త్రీ ఆ బొమ్మని భయంగా చూశాడు.

"తల్లీ, విరేచనాలా, మలబద్ధకమా, ఏదో ఒకటి చెప్పు. ఇక్కడ ఒక్క గడే ఉంది."

"రెండూ ఉన్నట్టు అనిపిస్తుంది మేస్త్రీ, నిజానికి ఒకటే."

గ్రోజ్దాన్ పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుని, చివరికి 'కడుపు' అని రాశాడు. "ఇప్పుడు నన్నేం చేయమంటావు?"

"రెండు గంటలకోసారి దిగనివ్వు. మధ్యలో దిగుతానంటే ఎందుకని అడక్కు. క్రేన్‌లో నీళ్ళసీసా పెట్టుకుంటాను. పొద్దున షిఫ్టుకి అరగంట ఆలస్యంగా వస్తాను, సాయంత్రం అరగంట ఎక్కువుంటాను."

"నువ్వు దిగినప్పుడు ఎక్కేదెవరు?"

"పంకోని అడుగుదాం," అన్నాను నేను.

పంకోని పిలిపించారు. మొత్తం మళ్ళీ చెప్పాల్సొచ్చింది. వాడు చెవులదాకా ఎర్రబడి, "అక్కా, కళ్ళజోడు అన్నందుకు..." అని నసిగి, చాలు చాలు, బొమ్మ వద్దని చేతులూపి ఒప్పుకున్నాడు.

మే మొదట్లో నెవెనా మళ్ళీ ఏడో క్రేన్ ఎక్కింది. రక్తం ఆగింది. పొట్ట దిగింది. వాపు తగ్గుతోందని, మందు మాత్రం ఈసారి బాగున్నా మానొద్దని డాక్టరు గట్టిగా చెప్పింది. అయినా తనకి తన ఒంటి మీద నమ్మకం కుదర్లేదు. కడుపులో ఏ కబురు నిజమో ఏది అబద్ధమో తెలియక, ఒక్కోసారి మెట్ల సగంలో ఆగిపోయి, దిగాలా ఎక్కాలా అని రెయిలింగ్ పట్టుకుని నిలబడేది. నేను కింద నుంచి చూస్తూ ఉండేదాన్ని. ఆ విషయంలో నా సైగలు పనికిరావు.

మే ఆఖర్లో ఒక పొద్దున, నేను చెర్రీపళ్ళు కడుగుతుంటే ఫోన్ చేసింది.

"స్టాంకా, ఇవాళ ఒక్కసారే అయింది."

"బాగానే ఉందిగా."

"మళ్ళీ రావట్లేదే. గంటన్నర దాటింది. లోపల ఏదో ఆగిపోయిందంటావా?"

"నొప్పుందా?"

"లేదు."

"రక్తం?"

"లేదు."

"పొట్ట ఉబ్బిందా?"

"చదునుగానే ఉంది. అదే నాకర్థం కావట్లేదు."

"జబ్బు రాకముందు నీకు రోజుకెన్నిసార్లయ్యేదే?" అన్నాను.

అటు వాళ్ళ వంటింటి రేడియోలో వాతావరణం చెబుతున్నారు.

"గుర్తు లేదే," అంది. "అప్పుడెవరు చూసుకున్నారు?"

నేనూ గుర్తుచేసుకోబోయాను, నా సంగతి. నాకూ తెలియలేదు.

"సరే, బస్సు టైమైంది, వస్తున్నా," అని పెట్టేసింది.